పాతగా కనిపించే అక్షరం నిజంగా పాతదేనా? కాస్లన్ యాంటిక్ అనే ఫాంట్ కథ

 

ఒక ఇమేజ్ ఊహించుకోండి. టీ ఒలికినట్టు గోధుమరంగు కాగితం. అంచులు కొంచెం కాలినట్టు ఉంటాయి. దాని మీద ఇంగ్లీష్‌లో నాలుగైదు లైన్లు. అక్షరాల అంచులు అరిగిపోయి, అక్కడక్కడా చిట్లిపోయి ఉంటాయి. కింద రెండొందల ఏళ్ల నాటి తేదీ ఒకటి. ఇది మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి వచ్చిందనుకోండి. లైన్లు చదవకముందే మనసులో ఒక మాట పడిపోతుంది, "ఇది పాతది" అని. వెనకే ఇంకో మాట వచ్చి కూర్చుంటుంది, "అయితే నిజమే అయ్యుంటుంది" అని.

మొదటి మాట నుంచి రెండో మాటకి మనం ఎలా దూకుతున్నాం? మధ్యలో మనల్ని దూకించేది ఎవరు? చాలాసార్లు ఆ పని చేసేది ఆ అరిగిపోయిన అక్షరాలే. ఈరోజు అలాంటి ఒక ఫాంట్ కథ చెప్తాను. దాని పేరు కాస్లన్ యాంటిక్.

ముందు దాని రూపం చూద్దాం. ఇది సెరిఫ్ ఫాంట్. సెరిఫ్ అంటే ఇంగ్లీష్ అక్షరాల గీతల చివర ఉండే చిన్న అడ్డగీతలు, పాదాల్లాంటివి. పాఠ్యపుస్తకంలో ఇంగ్లీష్ అక్షరాలకి అవి ఉంటాయి, మీ ఫోన్ మెనూలో ఇంగ్లీష్ అక్షరాలకి మామూలుగా ఉండవు. కాస్లన్ యాంటిక్‌లో ఈ పాదాలు నున్నగా ఉండవు. గీతలు వణికినట్టు ఉంటాయి. అంచులు ఎలుక కొరికినట్టు ఉంటాయి. చూడగానే ఓడలు, కొవ్వొత్తులు, సీలు వేసిన ఉత్తరాలు గుర్తొస్తాయి. సినిమాల్లో పైరేట్ మ్యాప్ మీద ఎలాంటి రాత ఉంటుందో, అలా అన్నమాట.

ఇప్పుడు పేరు చూడండి. కాస్లన్ అనేది ఒక మనిషి పేరు. యాంటిక్ అంటే పురాతనం. అంటే కాస్లన్ అనే ఆయన చేసిన పాత అక్షరాలు అనే కదా అర్థం వచ్చేది? అక్కడే ఉంది అసలు విషయం. అది అర్థం కావాలంటే ముందు ఆ మనిషి ఎవరో తెలియాలి.

విలియం కాస్లన్ 1690ల్లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. మొదట ఆయన పని తుపాకుల మీద నగిషీ చెక్కడం. చేతిలో అంత పనితనం ఉన్న మనిషి 1720ల్లో లండన్‌లో అచ్చు అక్షరాల తయారీలోకి వచ్చాడు. ఆ రోజుల్లో అక్షరం ఎలా పుట్టేదో వినండి. ఒక ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. ఆ కడ్డీని రాగి ముక్క మీద పెట్టి కొడితే అక్షరం ఆకారంలో గుంట పడుతుంది. ఆ గుంటను మూసగా పెట్టి, సీసం, తగరం, యాంటిమొనీ కలిపి కరిగించి పోస్తే అక్షరాలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. మన బీటెక్ భాషలో చెప్పాలంటే ఉక్కు కడ్డీ సోర్స్ కోడ్, సీసం అక్షరాలు దాని కాపీలు. సోర్స్ ఒక్కటే, కాపీలు వేలల్లో.

1734లో కాస్లన్ తన అక్షరాల నమూనా కాగితం ఒకటి అచ్చు వేశాడు. అప్పటినుంచి ఇంగ్లండ్‌లో ఏ ప్రెస్సులో చూసినా ఆయన టైపే. అక్కడినుంచి ఓడలెక్కి అమెరికా వలస ప్రాంతాలకి కూడా చేరింది. 1776 జులై 4 రాత్రి ఫిలడెల్ఫియాలో జాన్ డన్‌లప్ అనే ప్రింటర్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని హడావుడిగా అచ్చు వేశాడు. సుమారు 200 కాపీలు వేసి ఉంటాడని అంచనా. ఇప్పుడు వాటిలో 26 మాత్రమే లెక్కలో ఉన్నాయి. ఆ కాగితం మీద ఉన్నవి కాస్లన్ అక్షరాలే. మేం మీ నుంచి విడిపోతున్నాం అని బ్రిటన్‌కి చెప్పిన కాగితం, లండన్‌లో పుట్టిన అక్షరాలతోనే ఆ మాట చెప్పింది.

అమెరికాలో ప్రింటర్లకి ఒక ఇబ్బంది ఉండేది. టైపు సముద్రం దాటి రావాలి, ఖరీదెక్కువ. కాబట్టి అరిగినా, చిట్లినా అదే టైపుని మళ్లీ మళ్లీ వాడేవాళ్లు. కాగితం గరుకుగా ఉండేది. దాన్ని తడిపి, ఇంకు పూసిన అక్షరాల మీద పెట్టి, చేతి ప్రెస్‌తో నొక్కేవాళ్లు. ఇంకు పక్కలకి పొంగేది. అలా తయారైన పేజీల్లో అక్షరాలు గజిబిజిగా ఉండటం సహజం. గమనించండి, ఆ అరుగుదల కాస్లన్ చెక్కింది కాదు. ఆయన ఉక్కులో చెక్కిన అక్షరం శుభ్రంగానే ఉంది. అరుగుదల వచ్చింది వాడకం వల్ల, డబ్బు లేకపోవడం వల్ల, దూరం వల్ల.

ఈ అక్షరాల మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసిన ఒక చిలిపి పని ఉంది. కరెంటు, గాలిపటం కథలో ఉండే ఫ్రాంక్లినే. ఆయన అసలు వృత్తి ప్రింటింగ్. అప్పట్లో బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ అనే ఇంకో ఆయన కొత్త రకం అక్షరాలు చేశాడు. కాస్లన్ వాటికంటే నాజూకుగా, సన్నని గీతలతో ఉంటాయి. అవి కొందరికి నచ్చలేదు. 1760లో ఫ్రాంక్లిన్ లండన్ నుంచి బాస్కర్‌విల్‌కి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. ఒక పెద్దమనిషి ఫ్రాంక్లిన్ దగ్గర కూర్చుని, బాస్కర్‌విల్ అక్షరాలు చదివితే దేశంలో జనానికి కళ్లు పోతాయి, అంత సన్నగా ఉన్నాయి అని విమర్శించాడట. ఫ్రాంక్లిన్ లోపలికి వెళ్లి కాస్లన్ నమూనా కాగితం తీసి, పైన పేరు ఉన్న ముక్క చింపేసి, ఇవే బాస్కర్‌విల్ అక్షరాలు, కాస్త తప్పులు చూపించండి అని ఆయన చేతిలో పెట్టాడు. ఆ పెద్దమనిషి వరసగా తప్పులు చూపించాడు. చదువుతుంటే కళ్లు నొప్పెడుతున్నాయని కూడా అన్నాడట. నిజానికి ఆయన జన్మంతా ఏ నొప్పీ లేకుండా చదువుకున్నవి ఆ కాస్లన్ అక్షరాలే. పాపం సిగ్గుపడతాడని ఫ్రాంక్లిన్ ఆయనకి నిజం చెప్పలేదు.

కాగితం అదే, అక్షరాలు అవే. పైన ఉండాల్సిన పేరు లేదు, ఇంకో పేరు నోటితో చెప్పారు. అంతే, కంటికి నొప్పి మొదలైంది. ఈ కథని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

తర్వాత ఫ్యాషన్ మారింది. 1800 వచ్చేసరికి లావు గీత, సన్న గీత మధ్య బాగా తేడా ఉండే మోడర్న్ అక్షరాలు వచ్చాయి. కాస్లన్ అక్షరాలు మూలన పడ్డాయి. మూలన పడితేనే కదా ఏదైనా "పాతది" అయ్యేది! అప్పుడు 1844లో లండన్‌లో ఒక పుస్తకం వచ్చింది. లేడీ విలోబీ అనే ఆవిడ డైరీ అట. 17వ శతాబ్దంలో, ఒకటో చార్లెస్ రాజు కాలంలో, ఒక పెద్దింటి ఆవిడ రాసుకున్న డైరీ. పుస్తకం మీద రచయిత పేరు లేదు. చిజ్విక్ ప్రెస్ వాళ్లు దాన్ని మూలన పడ్డ కాస్లన్ అక్షరాలు బయటికి తీసి, పాతకాలం పద్ధతిలో అచ్చు వేశారు. కొంతమంది నిజమైన డైరీయే అనుకున్నారు. నిజానికి దాన్ని రాసింది హానా మేరీ రాత్‌బోన్ అనే రచయిత్రి. అది కల్పన. తర్వాతి ఎడిషన్‌లో మోసం చేయాలన్న ఉద్దేశం మాకు లేదని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ తేదీలు చూడండి. డైరీ కథ జరిగింది 1600ల్లో. కాస్లన్ టైపు పుట్టింది 1720ల్లో. అంటే ఆ డైరీ నిజంగా ఆ కాలంలో అచ్చయి ఉంటే ఆ అక్షరాలు అందులో ఉండటం అసాధ్యం. కానీ ఎవరు లెక్క వేస్తారు? పాతగా ఉంది, చాలు. ఏ శతాబ్దం పాత అన్నది కంటికి పట్టదు.

ఇప్పుడు మన హీరో దగ్గరికి వద్దాం. 1890ల్లో అమెరికాలో, షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీ కోసం బెర్న్ నడాల్ అనే డిజైనర్ ఒక ఫాంట్ గీశాడు. ఆయన చేసిన పని ఏంటంటే, అరిగిపోయిన అక్షరాల రూపాన్నే డిజైన్‌గా తీసుకున్నాడు. చిట్లిన అంచు, వణికిన గీత, పొంగిన ఇంకు, అన్నీ ఒక కొత్త టైపులో పెట్టాడు. ఫౌండ్రీ నుంచి కొత్తగా, మెరుస్తూ వచ్చే టైపు, పుట్టుకతోనే ముసలిది. కొత్త జీన్స్ మోకాలి దగ్గర చింపి అమ్ముతారు చూడండి, అది.

ఆ ఫాంట్‌కి వాళ్లు మొదట పెట్టిన పేరు "ఫిఫ్టీన్త్ సెంచరీ". అంటే పదిహేనో శతాబ్దం. యూరప్‌లో గుటెన్‌బర్గ్ అచ్చు మొదలుపెట్టిన కాలం. ఆ పేరుతో అది పెద్దగా ఆడలేదు. ఈలోగా అసలైన కాస్లన్ అక్షరాలకి మళ్లీ మంచి డిమాండ్ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఫౌండ్రీ వాళ్లు అదే ఫాంట్‌కి పేరు మార్చారు, "కాస్లన్ యాంటిక్" అని. ఆడుతున్న పేరు తగిలించి అమ్ముకుందామన్న వ్యాపారపు ఎత్తు అనే అందరూ అంటారు. ఎత్తు పారింది.

విలియం కాస్లన్ 1766లోనే చనిపోయాడు. ఈ ఫాంట్ గీసేనాటికి ఆయన పోయి 120 ఏళ్లు దాటింది. కాస్లన్ కుటుంబంలో ఉండే ఏ అక్షరంతోనూ దీనికి చుట్టరికం లేదు. ఒక్క చిట్లు కూడా మార్చకుండా, పేరు మాత్రం మార్చి, దాన్ని 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దానికి తీసుకొచ్చేశారు. 19వ శతాబ్దంలో పుట్టిన పిల్లకి రెండు దొంగ బర్త్ సర్టిఫికెట్లు! ఫ్రాంక్లిన్ చేసిన పనే ఇది, తిరగేసి. ఆయన పేరు చింపితే మంచి అక్షరం చెడ్డదైంది. వీళ్లు పేరు అతికిస్తే అమ్ముడుపోని అక్షరం అమ్ముడుపోయింది.

ఆ తర్వాత అది ఎక్కడెక్కడికో వెళ్లింది. లే మిజరాబ్ల్ అనే మ్యూజికల్ ఇంగ్లీష్ వెర్షన్ 1985లో లండన్‌లో మొదలైంది. ప్రపంచమంతా ఆడింది. దాని లోగోలో ఉన్నది ఈ ఫాంటే. కథ 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌ది. ఫాంట్ మాత్రం, 18వ శతాబ్దపు ఇంగ్లీష్ అక్షరంలా వేషం వేసిన అమెరికన్ సరుకు. అయినా పోస్టర్ మీద అద్భుతంగా కుదిరింది. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ తమ ఆల్బమ్స్ మీద వాడింది. చరిత్ర ప్రదర్శనల బోర్డుల మీద కూడా దీన్ని చాలా వాడతారు. దేనికైనా ఒక పాతకాలపు మూడ్ కావాలంటే ఇది చేతికందే ఫాంట్.

ఇందులో తప్పేముంది అంటారా? చాలాచోట్ల ఏమీ లేదు. మన ఊళ్లలో పగటివేషాలు ఉండేవి కదా. పోలీసు వేషంలో, సాధువు వేషంలో వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఎంత బాగా నమ్మిస్తే అంత గొప్ప కళాకారుడు. చివరికి వేషమని చెప్పి సంభావన తీసుకుని వెళ్లేవాడు. నాటకం పోస్టర్ మీద ఈ ఫాంట్ అలాంటిదే. టికెట్ కొన్నవాడికి అది నాటకమని తెలుసు. అదే పోలీసు వేషంలో ఉన్నవాడు వేషమని చెప్పకుండా మీ దగ్గర చలానా వసూలు చేసి వెళ్లిపోతే? ఖాకీ బట్టల్లో తేడా లేదు. చెప్పడంలో ఉంది తేడా.

మరి వేషాన్ని ఎలా పట్టుకోవాలి? కొన్ని చిట్కాలు చెప్తాను, ఫోన్‌లోనే చేయొచ్చు.

ఒకటి. ఇమేజ్‌ని జూమ్ చేసి ఒకే అక్షరాన్ని రెండు మూడు చోట్ల పోల్చండి. ఇంగ్లీష్‌లో "ఇ" అక్షరం ఎక్కువసార్లు వస్తుంది, అది తీసుకోండి. నిజంగా అరిగిన టైపులో ఒక్కో ముక్కకి ఒక్కో జీవితం. ఒకటి తల దగ్గర చిట్లుతుంది, ఇంకోటి పొట్ట దగ్గర. అరిగిపోయినట్టు చేసిన ఫాంట్‌లో ప్రతి "ఇ" సరిగ్గా ఒకే చోట చిట్లి ఉంటుంది. ఫాంట్ ఫైల్‌లో ఆ అక్షరానికి మామూలుగా ఒకే బొమ్మ ఉంటుంది కాబట్టి. కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రమాదాలన్నీ ఒకేలా జరిగితే అవి ప్రమాదాలు కావు, ప్రోగ్రామ్.

రెండు. 18వ శతాబ్దం మధ్యలో అచ్చయిన ఇంగ్లీష్ పేజీల్లో "ఎస్" అక్షరం చాలాచోట్ల పొడుగ్గా, "ఎఫ్" లాగా కనిపిస్తుంది. 1800 ప్రాంతంలో ప్రింటర్లు దాన్ని వదిలేశారు. 1750 నాటి అచ్చు కాగితమని చెప్పే ఇమేజ్‌లో అన్నీ ఈ కాలం "ఎస్"లే ఉంటే, అనుమానించాల్సిందే.

మూడు. అక్షరం పుట్టిన తేదీకి, కాగితం మీద ఉన్న తేదీకి పొంతన చూడండి. ఇది పెద్ద కోర్టుల్లో కూడా వచ్చింది. 2017లో పాకిస్తాన్‌లో పనామా పేపర్స్ కేసు విచారణలో, 2006 ఫిబ్రవరి తేదీతో ఉన్న పత్రాలు క్యాలిబ్రి అనే ఫాంట్‌లో ఉన్నాయని తేలింది. మైక్రోసాఫ్ట్ ఆ ఫాంట్‌ని మామూలు జనానికి ఇచ్చింది 2007 జనవరి చివర్లో. బీటా వెర్షన్లలో అంతకుముందే ఉందని వాదన వచ్చింది. అప్పటి ప్రధాని పదవి పోయింది వేరే కారణం మీద, ఫాంట్ మీద కాదు. కానీ ఒక అక్షరం ఆకారం కూడా సాక్ష్యం చెప్పగలదని లక్షలమందికి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మన గ్రూపుల్లో తిరిగే ఒక ఫేమస్ ఫార్వర్డ్ సంగతి. 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిష్ పార్లమెంట్‌లో మాట్లాడాడని, భారతదేశం మొత్తం తిరిగినా ఒక్క బిచ్చగాడు, ఒక్క దొంగ కనిపించలేదన్నాడని, ఈ దేశాన్ని విరవాలంటే దాని విద్యని, సంస్కృతిని మార్చాలన్నాడని ఉంటుంది. పాత పత్రంలా కనిపించే ఇమేజ్‌గా కూడా వస్తుంది. చదివితే రక్తం మరుగుతుంది. కానీ ఆ రోజు మెకాలే లండన్‌లో లేడు. 1834లోనే ఇండియాకి వచ్చి, అప్పుడు కలకత్తాలో గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఓడలో నెలలు పట్టే దూరం. పైగా ఆ తేదీతో ఆయన రాసిన అసలు పత్రం ఉంది, విద్య మీద రాసిన మినిట్. ఆ మాటలు అందులో లేవు.

బాధేంటంటే, ఆ అసలు పత్రంలో మన సాహిత్యాల గురించి ఆయన రాసిన చిన్నచూపు మాటలు తక్కువేం కాదు. కోపం రావడానికి అదే సరిపోతుంది. నిజమైన పత్రం సాదాగా ఉంది కాబట్టి ఎవరూ తెరవరు. అబద్ధం పాత బట్టలు వేసుకుని వచ్చింది కాబట్టి తలుపు తీస్తాం. దానివల్ల నష్టపోయేది నిజమైన చరిత్రే. రేపు ఎవరైనా ఇది ఫేక్ అని చూపిస్తే, దాంతోపాటు అసలు మినిట్‌ని కూడా కొట్టిపారేస్తారు.

మరి తెలుగులో ఫాంట్లకి పాత పేర్లు లేవా? ఉన్నాయి. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన ఉచిత ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అని పేర్లున్నాయి. అవి గౌరవంతో పెట్టిన పేర్లు, ఎవర్నీ నమ్మించడానికి కాదు. 16వ శతాబ్దంలో పెద్దన గారి కాలంలో అక్షరం తాటాకు మీద, రాగిరేకు మీద, రాతి మీద ఉండేది. తెలుగు లిపి అచ్చులోకి వచ్చింది 1740ల్లో, అదీ జర్మనీలోని హాలే పట్టణంలో. కాబట్టి ఎవరైనా పెద్దన ఫాంట్‌లో ఒక పద్యం కొట్టి, వెనక గోధుమరంగు కాగితం పెట్టి, రాయలవారి ఆస్థానం నాటి పత్రం అని పంపిస్తే మీకు ఏం అడగాలో తెలుసు. తాటాకు ఏది? ఏ లైబ్రరీలో ఉంది? నంబర్ ఎంత?

కాస్లన్ యాంటిక్ అంటే నాకు ఇష్టమే. పోస్టర్ చేసేటప్పుడు మీరూ వాడండి, బాగుంటుంది. ఎవరైనా ఫార్వర్డ్‌లో పంపినప్పుడు మాత్రం రెండు "ఇ"లు పక్కపక్కన పెట్టి చూడండి. చూడటానికి పది సెకన్లు పడుతుంది.

మీ దగ్గరికి అలాంటి "పాత పత్రం" ఏదైనా వచ్చి ఉంటే దాన్ని జూమ్ చేసి, ఏం కనిపించిందో నాకు రాసి పంపండి. బాగున్నవి ఏరి, అక్షరం అక్షరం చూస్తూ ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి.